ఎక్కడైనా బతికేయొచ్చు అనే మాట నేనెందుకు నమ్మను

అడవిలో దారి తప్పితే ఏం చెయ్యాలని ఎవరినడిగినా ముందుగా వచ్చే సలహా ఒకటుంది. ఏదో ఒక వాగు పట్టుకుని నీళ్లు పారే వైపు నడువు, వాగు ఏట్లో కలుస్తుంది, ఏటి ఒడ్డున మనుషులుంటారు. ఈ సలహా అబద్ధమేమీ కాదు. 1971 డిసెంబర్ 24న పెరూ అడవుల మీద పిడుగుపాటుకు ఒక విమానం గాల్లోనే ముక్కలైంది. అందులో ఉన్న 92 మందిలో ప్రాణాలతో బయటపడింది ఒక్కరే, పదిహేడేళ్ల జూలియానె కోప్కె. సీటు బెల్టుతో సహా దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి అడవిలో పడింది. కాలర్ ఎముక విరిగింది, కళ్లద్దాలు పోయాయి, ఒక కాలికే చెప్పు మిగిలింది. చిన్న నీటిపాయ కనబడితే దాని వెంటే నడిచింది. పదకొండో రోజుకి మనుషుల్లో పడింది.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ పాయ వెంట ఆమె ఎలా నడిచిందో కూడా చెప్పాలి కదా. తల్లిదండ్రులిద్దరూ జంతుశాస్త్రవేత్తలు. వాళ్లు అదే అడవిలో పెట్టుకున్న పరిశోధన కేంద్రంలో ఆమె అంతకుముందు ఏడాదికి పైగా ఉంది. కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి చెప్పున్న కాలే ముందు వేసేది, ఆకుల కింద పామేదైనా ఉంటే ఆ కాలికే తగలాలని. నీళ్లలో నడిచేటప్పుడు కర్రతో ముందు పొడిచి చూసుకునేది, ముల్లుతోక స్టింగ్‌రే చేపలు అడుగున బురదలో పడుకుంటాయని తెలుసు గనుక. చేతి గాయంలో పురుగులు పడ్డాయి. చివర్లో దొరికిన గుడిసె దగ్గర పెట్రోలు కనబడితే గాయం మీద పోసుకుని వాటిని లాగేసింది. వాళ్ల నాన్న ఒకప్పుడు కుక్క పుండుకి కిరోసిన్‌తో అదే వైద్యం చెయ్యడం చూసింది మరి. వాగు వెంట నడవమన్న ఒక్క ముక్కతో ఆమె బతికిందనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ అడవిని ఎరిగి ఉండటం వల్ల బతికింది.

ఇప్పుడు అదే సలహాని నిటారు కొండల్లోకి తీసుకెళ్దాం. అక్కడ వాగు ఊరికి దారి చూపదు, తనకు దగ్గరి దారి చూసుకుని దూకుతుంది. దాని వెంట దిగినవాడు ఒక చిన్న జలపాతం దగ్గర ఎలాగోలా జారి దిగుతాడు, తర్వాతది పెద్దదై ఉంటుంది. అప్పటికి కిందికి దిగలేడు, వెనక్కి ఎక్కలేడు. పైగా లోయ అడుగున ఫోన్ సిగ్నల్ అందదు, హెలికాప్టర్‌కి మనిషి కనబడడు, నీళ్ల హోరులో కేక వినబడదు. అక్కడ చెయ్యాల్సింది వీలైతే గట్టు మీదికి చేరి కదలకుండా కూర్చోవడం. ఎడారిలో అయితే ఇంకో రకం. ఎండిన వాగు అడుగు చదునుగా, మెత్తటి ఇసుకతో, గాలి తగలకుండా హాయిగా ఉంటుంది. ఎక్కడో పదుల కిలోమీటర్ల దూరంలో వాన పడితే, ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేకుండానే రాత్రికి రాత్రి వరద వచ్చేస్తుంది. ఎడారిలో నీళ్లలో మునిగి చచ్చిపోవడం అన్నది జోకు కాదు, జరిగే సంగతే.

ఒక్క సలహా, మూడు నేలలు, మూడు ఫలితాలు. అందుకే 'ఈ పది తెలిస్తే ప్రపంచంలో ఎక్కడైనా బతకొచ్చు' అనే వీడియోలంటే నాకు చిరాకు. చూడకుండా ఉండను, అది వేరే సంగతి. నా అభ్యంతరం వాటిలో చూపించే పనుల మీద కాదు. చాలావరకు అవి ఎక్కడో ఒక చోట పని చేసినవే. ఆ చోటు పేరు కత్తిరించేసి పని ఒక్కటే చూపించడం మీద. ఇంకో మాట కూడా అంటాను, కొంచెం పెద్ద మాటే. కొత్త నేల మీద ఏమీ తెలియనివాడి కంటే వేరే నేల మీద ఆరితేరినవాడికే ప్రమాదం ఎక్కువ. తెలియనివాడు భయపడతాడు, అడుగుతాడు. తెలిసినవాడు అడగడు.

సరే, మరి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి అసలు పనికిరాదా? కొంత పనికొస్తుంది. ఏది పనికొస్తుందో విడదీసి చూసుకోవడమే అసలు పని. మనిషి ఒంటి లెక్క ఎక్కడికెళ్లినా మారదు. లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరుండాలి. 35 కంటే తగ్గితే హైపోథెర్మియా, 40 దాటితే వడదెబ్బ. నీళ్లు, ఉప్పు, ఆక్సిజన్ కావాలి. ఈ లెక్క సహారాలోనూ అంటార్కిటికాలోనూ ఒకటే. బయట ఏ మొక్క తినొచ్చు, ఏ మంచు మీద నిలబడొచ్చు, ఏ గాలికి ఏ వాన వస్తుంది, ఇవన్నీ నేల లెక్కలు. అవి చోటుకొకటి. ఒంటి లెక్కని బుర్రతో ఆలోచించి ఎక్కడికక్కడ సర్దుకోవచ్చు. నేల లెక్కని మాత్రం ఆలోచించి కనిపెట్టలేం, అక్కడి మనుషుల్ని అడిగి తీరాలి.

ముందు చెమట సంగతి చూద్దాం, అన్నిటికంటే బాగా అర్థమయ్యేది అదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంత గొప్ప కూలర్ ఇంకోటి లేదు. కానీ ఆవిరైతేనే. పొడి ఎడారిలో చెమట పుట్టిందే తడవుగా ఆరిపోతుంది, పట్టిందని కూడా తెలీదు. అక్కడ సమస్య చల్లబడటం కాదు, నీళ్లు అయిపోవడం. అందుకే ఎడారి జనం ఒళ్లంతా కప్పే వదులు బట్టలు వేసుకుంటారు. అరబ్ ఎడారుల్లో సంచారం చేసే బెడూయిన్లు అంత ఎండలో నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారో తేల్చడానికి 1980లో శాస్త్రవేత్తలు నలుపు, తెలుపు అంగీలు వేయించి మరీ కొలిచారు. ఒంటికి చేరే వేడిలో తేడా లేదని తేలింది. నల్లగుడ్డ ఎక్కువ వేడి పీల్చుకుంటుంది నిజమే, కానీ గుడ్డకీ ఒంటికీ మధ్య ఖాళీలో గాలి ఆడి ఆ వేడి చర్మం దాకా రాకుండానే పోతుంది. అంటే రంగు కంటే వదులు ముఖ్యం. తెల్ల టీషర్టు ఒంటికి అతుక్కునేలా వేసుకుని ఎడారికి సిద్ధమయ్యాననుకునేవాళ్లకి ఇది చెప్పాలి.

అదే మనిషిని తేమ అడవిలో నిలబెడితే లెక్క తిరగబడుతుంది. ముసురు రోజుల్లో దండెం మీద బట్టలు ఆరనట్టే ఒంటి మీద చెమటా ఆరదు. కారిపోతుంది, నీళ్లు పోతాయి, చల్లదనం మాత్రం రాదు. వేడినీ తేమనీ కలిపి కొలిచే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే నీడలో, ఫ్యాను కింద, నీళ్లు తాగుతూ కూర్చున్నా మనిషి ఒళ్లు చల్లబడే దారి లేదని సిద్ధాంతం. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద ప్రయోగాలు చేస్తే అసలు హద్దు 31 దగ్గరే కనబడింది. కాబట్టి 45 డిగ్రీల పొడి ఎండ అలవాటున్నవాడు 34 డిగ్రీల తేమ అడవిని చూసి ఇదో లెక్కా అనుకుంటే కష్టం. అక్కడ చెయ్యగలిగింది పని తగ్గించుకోవడం, గాలి తగిలే చోట ఆగి ఆగి నడవడం. ఇంతకంటే మంత్రం లేదు.

చలిలో ఇదే చెమట శత్రువు. ఒకసారి హిమాలయాల్లో మంచు మీద ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు తెల్లవారుజామున బయల్దేరబోతుంటే మా గైడు అందరినీ వరసగా నిలబెట్టి పైన వేసుకున్న లావు జాకెట్లు విప్పించి సంచుల్లో పెట్టించాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. మాలో ఒకాయన మారథాన్లు పరిగెత్తే మనిషి, మండుటెండలో గంటలకొద్దీ పరిగెత్తిన ఒళ్లు. 'ఏంటి బ్రదర్, చలికి వేసుకోమనాలి గానీ తియ్యమంటాడేంటి?' అని నాతో గొణిగాడు. గైడు పక్కకి తిరగ్గానే జాకెట్ మళ్లీ తొడుక్కున్నాడు. ఎక్కుడు మొదలయ్యాక అందరికంటే ముందు అతనే, ఎక్కడా ఆగలేదు. శిఖరం కింది గట్టు మీదికి చేరాక గాలి మొదలైంది. కాసేపటికి అతని మాట తడబడటం విని గైడు వచ్చి మెడ వెనక కాలర్ లోపలికి రెండు వేళ్లు పెట్టి చూశాడు. వేళ్లు తడిగా బయటికొచ్చాయి. ఒక బండ చాటుకి తీసుకెళ్లి విప్పుకోమంటే ఇతనికి జిప్పు పట్టుకోవడానికి కూడా వేళ్లు వంగట్లేదు. గైడే జిప్పు లాగి, పిండితే నీళ్లు కారేలా ఉన్న బనీను విప్పించి, తన సంచిలోంచి పొడిది తీసి తొడిగాడు. తర్వాత నిదానంగా వివరించాడు: బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి, నడక మొదలైన కాసేపటికి సరిపోతుంది, బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉంటే చెమట పడుతుంది, ఆగినప్పుడు ఆ చెమటే చంపుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుందని పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఆ కాలర్ దగ్గర చూశాకే అదేమిటో తెలిసింది. నూలు బట్ట తడిస్తే ఆరదు కాబట్టి ఎండకి మంచిది, మంచుకి పనికిరాదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఒకే గుణం ఒక చోట వరం, ఇంకో చోట శాపం.

నీళ్ల విషయంలో తప్పుడు నమ్మకాలు ఇంకా ఎక్కువ. నీళ్లు తక్కువ తాగడం అలవాటు చేస్తే ఒళ్లు తట్టుకోవడం నేర్చుకుంటుందని ఒకప్పుడు సైన్యాల్లో గట్టిగా నమ్మేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త బృందం అమెరికా ఎడారుల్లో సైనికుల మీద కొలతలు తీసి ఆ నమ్మకాన్ని కొట్టేసింది. తక్కువ తాగినంత మాత్రాన చెమట తగ్గదు. ఒంటికి కావాల్సింది కావాల్సిందే. సీసాలో నీళ్లు దాచుకుని ఎండలో నడవడం కంటే దాహమైనప్పుడు తాగేసి, పగలు నీడలో పడుకుని, రాత్రి నడవడం మేలు. పొదుపు చెయ్యాల్సింది చెమటని. నీడలో కూర్చోవడంలో కూడా చిన్న కిటుకుంది. ఎండకి కాలిన ఇసుక పైపొర 70 డిగ్రీల దాకా పోగలదు, అడుగు లోతు తవ్వితే, లేదా నేలకి అడుగు ఎత్తులో కూర్చుంటే చాలా తేడా. అలాగని దాహం లేకపోయినా బలవంతంగా లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. దూరపు పరుగుల్లో అలా చనిపోయినవాళ్లున్నారు.

మంచులో మాత్రం చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. చలికి దాహం తెలీదు, మూత్రం ఎక్కువ వస్తుంది, పొడి గాలికి ఊపిరితో పాటు నీరు పోతుంది. పోనీ మంచే తిందామంటే, కిలో మంచు కరిగి ఒంటి వేడికి చేరడానికి 117 కిలో కేలరీలు కావాలి. ఆ వేడి ఇవ్వాల్సింది మన ఒళ్లే. నడుస్తూ, కడుపు నిండుగా ఉన్నవాడు రెండు ముద్దలు తింటే ఏమీ కాదు. వణుకుతూ కూర్చున్నవాడు తింటే చేజేతులా పొయ్యి మీద నీళ్లు పోసుకున్నట్టే. పొయ్యి అంటే గుర్తొచ్చింది, చలికి టెంట్ మూసి లోపల స్టవ్ వెలిగించుకుని, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో నిద్రలోనే పోయేవాళ్లు ప్రతి చలికాలం ఎక్కడో ఒక చోట ఉంటూనే ఉంటారు. వాసన లేదు, రంగు లేదు. మంచు గుహ తవ్వుకున్నా గాలికి కన్నం పెట్టమనేది అందుకే.

సాధనాలు కూడా మనతో పాటు వాతావరణం మారతాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. లైటర్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఆవిరవడం మానేస్తుంది, ఎన్నిసార్లు నొక్కినా నిప్పురవ్వే తప్ప మంట రాదు. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే వెలుగుతుంది. ఫోన్ బ్యాటరీ కూడా అంతే. ఎత్తు పెరిగితే నీళ్లు మరిగే వేడి తగ్గుతుంది, అయిదు వేల మీటర్ల దగ్గర 83 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు చోట ఒక నిమిషం తెర్లితే చాలనే నీళ్లని రెండు వేల మీటర్లు దాటాక మూడు నిమిషాలు మరిగించమంటారు. ధ్రువ నక్షత్రం చూసి దిక్కు పట్టడం నేర్చుకున్నవాడు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోతే ఆ నక్షత్రమే కనబడదు. వాడికి అక్కడ మళ్లీ ఒకటో తరగతే.

మూడు నిమిషాలు గాలి లేకుండా, మూడు గంటలు రక్షణ లేకుండా, మూడు రోజులు నీళ్లు లేకుండా, మూడు వారాలు తిండి లేకుండా బతకొచ్చనే మూళ్ల సూత్రం అందరికీ నోటికొచ్చు. గుర్తు పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. గడ్డకట్టే చల్లటి నీళ్లలో పడ్డవాడికి మాత్రం అది పనికిరాదు. అలాంటి నీళ్ల మీద పని చేసిన కెనడా పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ వేరే లెక్క ఇచ్చాడు: ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినే సమయం పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. భయపడి మొదటి నిమిషంలోనే నీళ్లు మింగి మునిగిపోయేవాళ్లు చాలామంది. అంత చల్లటి నీళ్లలో గంట టైముందని తెలియడమే అక్కడ మొదటి నేర్పు.

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా ఒంటి లెక్కలే. వేడి ఎటు పోతోంది, నీరు ఎటు పోతోంది అని అడుగుతూ పోతే ఎవరైనా ఒక దారికి రావచ్చు. నేల లెక్క అలా కాదు. దానికి నాకు తెలిసిన అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణ ఆస్ట్రేలియాలో 1861లో జరిగింది.

రాబర్ట్ బర్క్, విలియం విల్స్ నాయకత్వంలో 1860 ఆగస్టులో మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్ద యాత్ర బయల్దేరింది. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాలని. ఒంటెలు, గుర్రాలు, బళ్లు, దాదాపు ఇరవై టన్నుల సామాను. ఆ సామానులో భోజనాల బల్ల కూడా ఉంది. ఉత్తర తీరం దాకా వెళ్లి కూపర్ క్రీక్ దగ్గరి శిబిరానికి తిరిగొచ్చేసరికి 1861 ఏప్రిల్ 21 సాయంత్రమైంది. నెలల తరబడి వాళ్ల కోసం ఎదురుచూసిన బృందం సరిగ్గా ఆ రోజు ఉదయమే శిబిరం ఎత్తేసి వెళ్లిపోయింది. తీరం దాకా వెళ్లి తిరిగొచ్చిన బర్క్, విల్స్, జాన్ కింగ్ అనే ముగ్గురు అక్కడ చిక్కుబడ్డారు.

ఆ చోటు మనిషి బతకలేని చోటు కాదు. యాండ్రువాంధా అనే ఆదివాసీ జనం తరతరాలుగా అక్కడే ఉంటున్నారు. వాళ్లే వీళ్లకి చేపలు, నార్డూ అనే నీటి ఫెర్న్ మొక్క గింజల్లాంటి కాయలతో చేసిన రొట్టెలు పెట్టారు. బర్క్‌కి వాళ్ల మీద నమ్మకం లేదు. ఒక సందర్భంలో తుపాకీ పేల్చి తరిమేశాడు కూడా. తర్వాత వీళ్లే ఆ కాయలు ఏరుకుని, దంచి, తినడం మొదలుపెట్టారు. కడుపు నిండేది. ఆకలి తీరేది. అయినా రోజురోజుకీ కాళ్లు సత్తువ తప్పాయి. విల్స్ తన డైరీలో ఇదంతా రాసుకుంటూనే నీరసించిపోయాడు. అతనూ బర్క్ కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. కింగ్ ఒక్కడూ యాండ్రువాంధా జనం దగ్గరికి చేరి, వాళ్లు పెట్టింది తిని, సెప్టెంబర్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ప్రాణాలతో దొరికాడు.

ఏం జరిగిందనేదానికి 1994లో ప్రచురితమైన ఒక పరిశోధన సమాధానం ఇచ్చింది. నార్డూలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ఒంట్లో బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. బి1 లేకపోతే నరాలు, కండరాలు సత్తువ తప్పే బెరిబెరి జబ్బు వస్తుంది. స్థానికులు ఆ కాయల్ని ముందు వేయించేవారు, నూరేటప్పుడు నీళ్లు ధారాళంగా కలిపి పలచగా చేసేవారు. ఆ ఎంజైమ్ జోరు అక్కడ తగ్గిపోతుంది. వీళ్లు ఆ పని మొత్తం చెయ్యలేదు. మధ్యలో అక్కరలేదనుకున్నదేదో వదిలేశారు. చావులో ఆ ఎంజైమ్ వాటా ఎంత, పస్తుల వాటా ఎంత అని వాదించేవాళ్లున్నారు, ఉండనివ్వండి. కడుపు నిండా తింటూ కూలిపోయారన్నది మాత్రం డైరీలోనే ఉంది.

ఇక్కడే నా వాదనకి నేనే ఎదురు ప్రశ్న వేసుకోవాల్సి వస్తుంది. కారణం తెలుసుకుంటే ఎక్కడైనా సర్దుకోవచ్చు అంటున్నాను కదా, మరి యాండ్రువాంధా వాళ్లకి బి1 విటమిన్ సంగతి తెలుసా? తెలీదు. అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు. ఎందుకు వేయిస్తారని బర్క్ అడిగి ఉంటే, మా పెద్దవాళ్లు ఇలాగే చేసేవారు అనే అనేవారేమో. కారణం చెప్పలేని అలవాటుని మనం ఇట్టే మూఢనమ్మకం కింద కొట్టేస్తాం. తిండి, మందు, విషం విషయాల్లో అలా కొట్టేయడం ప్రాణాంతకం. అక్కడ అర్థమైన మేరకు చేస్తాననే తెలివి పనికిరాదు, వాళ్లు చేసినదంతా ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. తడి బనీను ఎందుకు విప్పాలో ఆలోచించి తెలుసుకోవచ్చు. ఏ కాయని ఎన్నిసార్లు కడగాలో మాత్రం ఎంత ఆలోచించినా తెలీదు.

దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన నార్వే యాత్రికుడు రోల్డ్ అముండ్సెన్ ఈ తేడా బాగా తెలిసిన మనిషని నా అభిప్రాయం. 1903 నుంచి ఉత్తర కెనడాలో ఓడతో సహా మంచు మధ్య ఆగి రెండు చలికాలాలు గడిపాడు. ఆ రెండేళ్లూ అక్కడి మంచు నేల ఆదివాసులైన నెట్సిలిక్ ఇనుయిట్ జనం పక్కన కూర్చుని శిష్యుడిలా నేర్చుకున్నాడు. తోలు బట్టలు వదులుగా ఎందుకు కుట్టాలి, లోపల గాలి ఎలా ఆడాలి, చెమట పట్టకుండా ఎలా నడవాలి, కుక్కల్ని బండికి ఎలా కట్టాలి. దక్షిణ ధ్రువానికి వెళ్లినప్పుడు ఆ బట్టలూ కుక్కలూ తీసుకెళ్లాడు, వాటికి తన నార్వే స్కీయింగ్ కలిపాడు. 1911 డిసెంబర్ 14న చేరాడు. అదే ధ్రువానికి పోటీగా బయల్దేరిన బ్రిటన్ యాత్రికుడు రాబర్ట్ స్కాట్ బృందం పోనీ గుర్రాలు, మోటారు స్లెడ్జిలు తీసుకెళ్లి, చివరికి బండ్లని మనుషులే లాగుతూ 1912 జనవరి 17న చేరింది. తిరుగుదారిలో అయిదుగురూ చనిపోయారు. ఈ పోలిక అందరూ చెప్పేదే, అందులో స్కాట్‌కి కొంత అన్యాయం కూడా జరుగుతుంటుంది, ఆ ఏడు చలి మామూలు కంటే ఎక్కువ.

దీనికంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకోటుంది. అముండ్సెన్ మొదట 1911 సెప్టెంబర్ 8నే బయల్దేరాడు. ఉత్తరాదిలో అంత అనుభవమున్నవాడు, స్కాట్ కంటే ముందుండాలనే తొందర. చలి మైనస్ 56 డిగ్రీలకి పడిపోయింది. దిక్సూచిలోని ద్రవం గడ్డకట్టింది. మనుషుల మడమలకి మంచు కాటు పట్టింది, కుక్కలు చచ్చాయి. వెనక్కి తిరిగొచ్చి, అక్టోబర్ దాకా ఆగి మళ్లీ బయల్దేరాడు. అంటే ఇనుయిట్ల బట్టలూ కుక్కలూ దక్షిణానికి వచ్చాయి గానీ ఎప్పుడు బయల్దేరాలనేది రాలేదు. అంటార్కిటికాలో అది అడగడానికి మనుషులే లేరు. అడగడానికి ఎవరూ లేని చోట మిగిలేది వెనక్కి తిరిగే ధైర్యం ఒక్కటే. ఆయన గొప్పతనం నాకు ధ్రువం చేరడం కంటే అక్కడ ఎక్కువ కనబడుతుంది.

ఒళ్లు కూడా నేర్చుకుంటుంది, దానికి టైమివ్వాలి. కొత్తగా ఎండ దేశానికి వెళ్లినవాళ్లకి పది నుంచి పద్నాలుగు రోజుల్లో చెమట త్వరగా మొదలవడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తంలోని ద్రవభాగం ప్లాస్మా పెరగడం జరుగుతాయి. ఎత్తుకి అలవాటు పడటం ఇంకా నిదానం, తొందరపెడితే ఒప్పుకోదు. చైనాతో 1962 యుద్ధంలో మైదానాల్లోని మన సైనికుల్ని చలికి చాలని బట్టలతో, అలవాటు పడే వ్యవధి లేకుండా హిమాలయాల ఎత్తులకి తరలించారు. శత్రువు తూటా తగలకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరి కూలినవాళ్లున్నారు. ఆ తర్వాత సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికుల్ని పరిశీలించి 1969లో ప్రచురించిన పత్రం ప్రపంచమంతటా కొండ జబ్బు వైద్యానికి ఆధారమైంది. ఇప్పుడు భారత సైన్యంలో ఎత్తుని మూడు మెట్లుగా విడదీసి, మొదటి మెట్టులో ఆరు రోజులు, తర్వాతి రెండు మెట్లలో నాలుగేసి రోజులు ఆగాలనే నియమం ఉంది. ఫిట్‌నెస్ ఉన్నవాడికి ఇందులో మినహాయింపు లేదు. ఫిట్‌గా ఉన్నవాడే గబగబా ఎక్కేసి ఎక్కువగా పడిపోతాడు.

ఇదంతా విన్నాక కొందరు అడుగుతారు, ప్రమాదం చెప్పి రాదు కదా, ఎడారిలో విమానం కూలితే ఎవర్ని అడగాలి అని. న్యాయమైన ప్రశ్నే. అన్ని చోట్లా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, అవి వీడియోకి పనికిరానంత చప్పగా ఉంటాయి. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పుడు తిరిగొస్తావో ఒకరికి చెప్పి వెళ్లడం. దారి తప్పానని తెలియగానే ఆగిపోవడం. ఈల దగ్గరుంచుకోవడం. కూలిన బండిని, విమానాన్ని వదిలి పోకపోవడం, ఎందుకంటే పైనుంచి మనిషి కంటే అది సులువుగా కనబడుతుంది. జూలియానె వదిలి నడిచింది కదా అంటారు. అడవి కప్పు కింద ఆమె పైవాళ్లకి కనబడే అవకాశమే లేదు. వెతికే విమానాల చప్పుడు విని, తర్వాత అవి ఆగిపోవడం కూడా గమనించింది. చప్పటి నియమం కూడా నేలని బట్టి వంగుతుందన్నమాట.

ఇప్పుడు వచ్చిన కొత్త చిక్కేమిటంటే, మనం కదలకపోయినా వాతావరణమే మన దగ్గరికి కదిలొస్తోంది. 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ రాష్ట్రంలో ఆ వడగాడ్పులకి 619 మంది చనిపోయారని అక్కడి అధికారులు లెక్క తేల్చారు. దాదాపు అందరూ ఇళ్లలోనే పోయారు. చలికి తట్టుకోవడానికి, లోపలి వేడి బయటికి పోకుండా కట్టుకున్న ఇళ్లు అవి. అదే ఏడు ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయింది, 246 మంది చనిపోయినట్టు ప్రభుత్వం లెక్కేసింది. ఎక్కువమంది చలికే పోయారు. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఇంజన్ ఆన్ చేసుకుని, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని విషవాయువుతో పోయినవాళ్లూ ఉన్నారు. ఉత్తరాది మంచు దేశాల్లో పిల్లలకి కూడా తెలిసిన జాగ్రత్త అది. వీళ్లకి తెలియాల్సిన అవసరం ఇన్నాళ్లూ రాలేదు. ఇనుయిట్ ముసలివాళ్లు కూడా సముద్రపు మంచు మునుపటిలా లేదు, మేం నేర్పింది నమ్ముకుని పిల్లలు మంచులో దిగబడిపోతున్నారని బాధపడుతున్నారు. నేల లెక్క తెలిసినవాళ్ల కాళ్ల కింద నేలే మారిపోతోంది.

అలాంటప్పుడు అడగాల్సింది ఆ ఊరి పెద్దల్ని కాదు, ఆ వాతావరణం ఇప్పటికే ఉన్న ఊళ్లవాళ్లని. చల్ల దేశంలో వడగాడ్పు వస్తే ఎండ దేశం నుంచి వలస వచ్చి పక్కింట్లో ఉంటున్న కుటుంబం ఎవరికంటే ఎక్కువ చెప్పగలదు. వాళ్లు చెప్పిందాన్ని కూడా ఒంటి లెక్కతో ఒకసారి సరిచూసుకోవాలి. ఉదాహరణకి పగలు కిటికీలు, పరదాలు మూసి రాత్రి తెరవమంటారు. రాత్రి గాలి చల్లబడే పొడి చోట అది దివ్యంగా పని చేస్తుంది. రాత్రి కూడా 30 డిగ్రీలు దిగని, తేమ నిండిన చోట కిటికీ మూస్తే ఇంట్లోవాళ్ల ఊపిరి తేమ, వంట ఆవిరి లోపలే ఉండిపోయి చెమట ఆరడం ఇంకా తగ్గుతుంది. అక్కడ గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలు తెరిచి, నీడ మాత్రం బయటివైపు నుంచి పడేలా చూసుకోవాలి. ఇక గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుంది కాబట్టి తడిగుడ్డ కప్పుకోకుండా దాని ముందు కూర్చోకూడదు.